కౌంటరు దగ్గర ఒక పూట కూర్చో

చిరంజీవి చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. హాస్టల్లో భోజనం బాగానే ఉంటోందని నువ్వు చెప్పినా నేను నమ్మలేదు. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మొన్న ఫోన్లో ఒక మాటన్నావు. "మనుషులతో పెద్దగా మాట్లాడక్కర్లేదనేగా అమ్మా నేను కోడింగు వైపు వచ్చింది" అని. నవ్వుతూనే అన్నావు గానీ అది నీ మనసులో మాటేనని నాకు తెలుసు. చుట్టాలొస్తే వంటింట్లో దూరే పిల్లవి నువ్వు. కోడింగుకీ మనుషులతో పనుంటుందని నీకు చెప్పాలి. ఫోన్లో అయితే వాదన అవుతుందని ఇలా రాస్తున్నా.

నాకు జావా లాంటి కంప్యూటర్ భాషలు రావు. కానీ జీవితమంతా పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని, ఎవరో ఎక్కడో రాసిన ప్రోగ్రాములతో పని చేసినదాన్ని. అందుకే బ్రిటన్ పోస్టాఫీసుల కథ చదివినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. అక్కడ 1999లో హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఫుజిట్సు అనే కంపెనీ వాళ్లది. మనలాగే వాళ్లకీ చేతిలో ఉన్న క్యాష్, కంప్యూటర్లో లెక్క టాలీ అవ్వాలి. కొన్ని బ్రాంచిల్లో టాలీ అవలేదు. కంప్యూటర్ డబ్బు తక్కువుందంది. ఒప్పందం ప్రకారం తక్కువైనది ఆ బ్రాంచి నడిపే సబ్ పోస్ట్‌మాస్టరే కట్టాలని పోస్టాఫీసు వాళ్లు పట్టుబట్టారు. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, "ఇంకెవరికీ ఈ సమస్య లేదు, మీ ఒక్కరికే వస్తోంది" అనే జవాబు వచ్చిందని చాలామంది తర్వాత చెప్పారు. ఇళ్లు తాకట్టు పెట్టి కట్టినవాళ్లున్నారు. 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల నేరాల కింద దోషులయ్యారు. సీమా మిశ్రా అని మన దేశం నుంచి వెళ్లినావిడ, 2010లో కడుపుతో ఉండగా జైలుకెళ్లింది. ఆ రోజు వాళ్ల పెద్దబ్బాయి పదో పుట్టినరోజట. సాఫ్ట్‌వేర్‌లో తప్పులున్నాయని హైకోర్టు చెప్పడానికి 2019 డిసెంబరు దాకా పట్టింది. ఆ శిక్షల్లో చాలావాటిని ఒకేసారి కొట్టేయడానికి 2024లో పార్లమెంటు చట్టం చేయాల్సి వచ్చింది.

ఆ తప్పుల్లో ఒకటి చెప్తాను, నీకు బాగా అర్థమవుతుంది. స్కాట్లండ్‌లో డాల్‌మెలింగ్టన్ అనే ఊరు. 2015లో అక్కడ ఒకావిడ 8,000 పౌండ్లు ఒక బ్రాంచి నుంచి ఇంకో బ్రాంచి లెక్కలోకి వేసుకుంటోంది. ఎంటర్ నొక్కితే స్క్రీన్ కదల్లేదు. మళ్లీ నొక్కింది. ఇంకా నొక్కింది. నొక్కినప్పుడల్లా ఇంకో 8,000 వచ్చినట్టు నమోదైపోయి, చివరికి 24,000 పౌండ్లు తేడా వచ్చింది.

స్క్రీన్ కదలకపోతే ఎవరైనా ఏం చేస్తారు? మళ్లీ నొక్కుతారు! అందులోనూ ఎదురుగా లైను ఉంటే, వెనక నుంచి ఎవరో "ఇంకా ఎంతసేపమ్మా" అంటుంటే, నేనైతే పదిసార్లు నొక్కుతాను. ఆ ప్రోగ్రాము రాసినవాళ్లకి తెలివి లేక కాదు. ఒక్క పూట కౌంటరు దగ్గర కూర్చుని ఉంటే ఇది కళ్లకు కనిపించేది.

ఇంకా బాధేసే సంగతుంది. తెలిసిన తప్పులన్నీ రాసి పెట్టుకునే జాబితా ఒకటి ఆ కంపెనీ లోపల ఉండేది. బ్రాంచి లెక్కల్లోకి దూరం నుంచే వెళ్లి మార్చే వీలూ వాళ్లకి ఉండేది, అది లేదని ఏళ్ల తరబడి బయటికి చెప్పారు. అక్కడ పనిచేసిన ఒక ఇంజనీరు ముందుకొచ్చి నిజమేంటో కోర్టులో చెప్పాడు. అతను రాసిన కోడ్ ఎంత గొప్పదో నాకు తెలియదు, దానితో నాకు పనీ లేదు.

మీ అమీర్‌పేటలో సాఫ్ట్ స్కిల్స్ అంటే స్పోకెన్ ఇంగ్లీషు, గ్రూప్ డిస్కషను, టై కట్టుకోవడం అనుకుంటారు. ఇంటర్వ్యూకి అవి కావాలేమో, నేర్చుకో. నేను చెప్పేది వాటి గురించి కాదు, మనం చేసినదాన్ని వాడే మనిషిని అర్థం చేసుకోవడం గురించి. గట్టిగా మాట్లాడనక్కర్లేదు. నీలాంటి నెమ్మదస్తులకే ఇది బాగా వస్తుందని కూడా నా అనుమానం, ఎందుకంటే ఇందులో సగం పని వినడం, చూడడం.

మా దగ్గర వేలిముద్ర మిషన్లతో పింఛన్లు, ఉపాధి కూలీ డబ్బులు ఇచ్చిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి. మట్టి పని చేసేవాళ్లకి, పెద్దవాళ్లకి వేళ్ల గీతలు అరిగిపోయి ఉంటాయి. మిషన్ చదవలేక ఎర్రగా 'ఆథెంటికేషన్ ఫెయిల్డ్' అని చూపించేది. ఒక ముసలావిడ నన్నడిగింది, "నేను నేను కాదంటందా అమ్మా?" అని. ఏం చెప్పను? చేతులు కడిగించి, ఇంకో వేలు పెట్టించి, ఆ పూట పని జరిపించాను. ఆ స్క్రీన్ మీద 'ఇంకో వేలు పెట్టి చూడండి' అని తెలుగులో ఉంటే ఆవిడకి అంత భయం ఉండేది కాదు. ఆ మాట రాయడానికి పెద్ద ప్రోగ్రామింగ్ ఏం కావాలి? ఆవిడ ఒకతి ఉందని తెలియాలి, అంతే.

నీ సంగతికొస్తే, ఎక్కడైనా ఆగిపోతే రెండ్రోజులు ఒక్కదానివే కుస్తీ పడతావు, అడగడానికి మొహమాటం. అడగడం కూడా నేర్చుకోవాల్సిన పనే. మా సిస్టమ్స్ చూసే అబ్బాయికి "కంప్యూటర్ పనిచేయట్లేదు" అని చెప్తే సాయంత్రానికి వచ్చేవాడు. "ఫలానా స్క్రీన్లో ఇది నొక్కాను, ఇది రావాలి, ఇది వచ్చింది" అని చీటీ రాసి పంపితే ఫోన్లోనే సరిచేసేవాడు. నువ్వూ అలా రాసి చూడు. రాస్తుండగానే సగంసార్లు నీకే తెలిసిపోతుంది. నీ కోడ్‌లో ఎవరైనా తప్పు చూపిస్తే ముఖం ముడుచుకోకు. ఈ విషయంలో మీ నాన్న పోలిక వద్దు, నా మాట విను.

ఇప్పుడు కోడ్ చాట్‌జీపీటీయే రాసేస్తోందని టెన్షన్ పడుతున్నావు. రాయనీ. స్క్రీన్ కదలకపోతే మనిషి మళ్లీ నొక్కుతాడని దానికీ ఎవరో గుర్తు చేయాలి, అది రాసినది సరిగ్గా ఉందో లేదో చూసి, లేదని చెప్పే ధైర్యం ఎవరికో ఒకరికి ఉండాలి.

ప్రాజెక్టు ఏం చేయాలో తోచట్లేదన్నావు కదా. అందరూ చేసే స్టూడెంట్ మేనేజ్‌మెంట్ సిస్టం మానెయ్. మన వీధి డ్వాక్రా సంఘానికి పొదుపు, అప్పుల లెక్కలు చూసే చిన్న యాప్ చెయ్యి. దసరాకి వచ్చినప్పుడు సంఘం మీటింగులో కూర్చో. మినిట్స్ బుక్కులో ఏం రాస్తారో, ఎవరు డబ్బు సగమే తెచ్చి మిగతాది వచ్చేవారం అంటారో, అప్పుడు లీడరు ఏం చేస్తుందో చూసి రాసుకో. యాప్ అయ్యాక ఫోన్ లీడరు చేతిలో పెట్టి పక్కన కూర్చో. ఎక్కడ నొక్కాలో మాత్రం చెప్పొద్దు. ఆవిడ తప్పు బటన్ నొక్కినా నోరు తెరవకు, నీకది కష్టమేం కాదులే.

ఏ రోజు బస్సో ముందే చెప్పు, నాన్న స్టాండుకి వస్తారు. ఉతకాల్సిన బట్టలన్నీ తెచ్చెయ్.

అమ్మ