కీమోతో పాటు గుండె పరీక్షకూ తేదీ ఇవ్వాలి

సంపాదకులు గారికి,

గత వారం మీ నెల్లూరు జిల్లా పేజీల్లో రొమ్ము క్యాన్సర్ అవగాహన ర్యాలీ వార్త చదివాను. ముందుగా గుర్తిస్తే నయమవుతుందని వక్తలు చెప్పిన మాట నిజమే. కానీ గుర్తించి కీమో మొదలుపెట్టాక ఆ మనిషి గుండె ఏమవుతోందో చూసే ఏర్పాటు గురించి ఒక్కరూ మాట్లాడకపోవడం బాధ కలిగించింది.

రోగులు ‘ఎర్ర మందు’ అని చెప్పుకునే డాక్సోరూబిసిన్, ఎక్కించిన మొత్తం మోతాదు పెరిగేకొద్దీ గుండె కండరాన్ని దెబ్బతీయగలదని వైద్యులకు దశాబ్దాలుగా తెలుసు. క్యాన్సర్ కణాలపై హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న (హెర్-2 పాజిటివ్) రోగులకు ఇచ్చే ట్రాస్టుజుమాబ్ వల్లా గుండె బలహీనపడవచ్చు. సకాలంలో కనిపెట్టి మందు ఆపితే చాలామందిలో గుండె తిరిగి కోలుకుంటుంది. అందుకే చికిత్సకు ముందొకసారి, ట్రాస్టుజుమాబ్ సాగినంతకాలం సాధారణంగా మూడు నెలలకోసారి ఎకో, అంటే గుండె స్కాన్, తీయాలంటారు. గుండె గదిలోని రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత శాతం బయటికి వెళ్తోందో చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్ 10 పాయింట్లు తగ్గి 50 శాతం కిందికి వస్తే జాగ్రత్త పడాలి. ఆ అంకె ఇంకా బాగున్నప్పుడే, గుండె కండరం ముడుచుకునే తీరును కొలిచే ‘స్ట్రెయిన్’ మొదటి విలువలో 15 శాతానికి మించి పడిపోతే నష్టం మొదలైనట్టు అనుమానించాలని 2022 నాటి యూరోపియన్ కార్డియాలజీ సొసైటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

మా వదినకు కీమో ఇచ్చిన ఆసుపత్రిలో ఎకోకు ఇచ్చిన తేదీ, తరువాతి డోసు దాటాక వచ్చింది. డోసు మాత్రం ఆగలేదు. చివరికి చేతికొచ్చిన రిపోర్టులో ‘గుండె పనితీరు బాగుంది’ అన్న ఒక్క వాక్యమే ఉంది; ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంకె రాయాల్సిన గడి ఖాళీ. పాత అంకె లేకపోతే తగ్గిందో లేదో దేనితో పోల్చాలి? నాలుగు మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి పాదాలకు నీరు అని ఆమె చెబితే, రక్తం తక్కువ, నీరసమని మాత్రలు రాసి పంపారు. చెన్నై వెళ్లి పరీక్ష చేయించాక గానీ గుండె నీరసించిందని తేలలేదు. మాకు ఆ ఖర్చు భరించే స్తోమత ఉంది, ఉదయగిరి, వింజమూరు వైపు నుంచి కూలి మానుకుని వచ్చే ఆడవాళ్ల గతేమిటి?

మన అధికారుల తీరే అంత. యంత్రాన్ని ప్రారంభించేటప్పుడు అందరూ వస్తారు. దాన్ని నడిపే మనిషి సెలవు పెడితే రోగికి జవాబు చెప్పే నాథుడుండడు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా సాగుతున్న పథకం పేదల ప్రాణాలు నిలుపుతోంది, అందుకు కృతజ్ఞత ఉంది. ఆ పథకంలో గుండెకు హాని చేయగల మందుకు అనుమతి ఇచ్చేటప్పుడే మొదటి ఎకో అంకె అడగాలి, తరువాతి ఎకోల తేదీలు రోగి పుస్తకంలో రాయించాలి, వీలున్నచోట స్ట్రెయిన్ కూడా కొలిపించి రిపోర్టు నకలు రోగి చేతికివ్వాలి. దీనిపై జిల్లా వైద్యాధికారులు ఏం చేయబోతున్నారో మీ పత్రిక ద్వారానే ప్రజలకు తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి