టార్చ్ చాలు, రవ్వలు ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం సంచికలో, పాడుబడ్డ భవనం మధ్యలో నిప్పుల గొడుగు విప్పినట్టున్న ఫోటో వేశారు. బాగుంది, కాదనను. కానీ అదెలా తీశారో ఒక్క ముక్క రాయలేదు. అది స్టీల్ ఊల్ పని. సన్నటి ఇనుప పీచును వైరు చివర కట్టి, నిప్పంటించి గిరగిరా తిప్పుతారు, కాలుతున్న ఇనుప ముక్కలే అలా రవ్వలై ఎగిరి గోడలకు కొట్టుకుని కింద పడతాయి. పాత భవనంలో కింద ఏముంటాయండీ? ఎండుటాకులు, చివికిన గుడ్డలు, పక్షులు తెచ్చి పోసిన పుల్లలు, చెదలు తిన్న చెక్కలు. ఒక రవ్వ ఏ చీలికలోనో దూరి, అందరూ వెళ్లిపోయాక రాజుకుంటే చూసే దిక్కుండదు. 2016లో కాలిఫోర్నియాలోని పాయింట్ రేస్ దగ్గర, ఫోటోలకు పేరుపడ్డ ఒక పాత పడవ వెనక భాగం కాలిపోయింది. ఈ స్టీల్ ఊల్ సరదా వల్లేనని అప్పట్లో అనుమానించారు.

నేనూ లైట్ పెయింటింగ్ చేస్తాను, అంటే చీకట్లో షట్టర్ తెరిచి ఉంచి వెలుగుతో బొమ్మకు రంగు వేసినట్టు ఫోటో తీయడం, అదీ ఇలాంటి చోట్లే. ట్రైపాడ్, బల్బ్ మోడ్ (మనకు కావలసినంత సేపు షట్టర్ తెరిచి ఉంచే వీలు) ఉన్న కెమెరా, చిన్న టార్చ్ ఉంటే సరిపోతుంది. టార్చ్ వేసి ఫోకస్ చూసుకుని ఆటోఫోకస్ ఆపేయాలి, లేకపోతే చీకట్లో లెన్స్ అటూ ఇటూ తడుముకుంటూనే ఉంటుంది. ఐఎస్ఓ (వెలుగును పట్టే సున్నితత్వం) 100, లెన్స్ రంధ్రం ఎఫ్8 పెట్టి షట్టర్ తెరిచి, ఆ తర్వాత తీరిగ్గా నడుస్తూ ఎక్కడ వెలుగు కావాలో అక్కడే పూయడం. కెమెరా పక్కనే నిలబడి టార్చ్ కొడితే గోడ చప్పగా వస్తుంది, అదే పక్కకు వెళ్లి గోడ వెంబడి ఏటవాలుగా వేస్తే ఊడిన పెచ్చులు, ఇటుకల అంచులు, తాపీ గీతలు కూడా నీడలతో పైకి లేస్తాయి. గుమ్మం పక్కన నక్కి లోపలి గదిలోకి పసుపు వెలుగు కాసేపు వేస్తే, ఆ ఇంట్లో ఇంకా ఎవరో ఉన్నారనిపిస్తుంది. నల్ల బట్టలేసుకుని, టార్చ్ మన మీద పడకుండా కదులుతూ ఉంటే చాలు, మనిషి ఫోటోలో కనబడడు. (ఇంట్లోవాళ్లకు ఇది ఎంత చెప్పినా నమ్మరు!)

1949లో ఫోటోగ్రాఫర్ జాన్ మిలి కెమెరా ముందు చిత్రకారుడు పికాసో గాల్లో బొమ్మలు గీసింది కూడా చిన్న లైటుతోనే.

ఇక అనుమతి తీసుకోవడం, ఒంటరిగా వెళ్లకపోవడం, పగలే వెళ్లి నేల గట్టిగా ఉందో లేదో చూసుకోవడం ఎలాగూ తప్పవు. గబ్బిలాలు వేలాడే గది అయితే వెనక్కి తిరగడమే.

మిమ్మల్ని అడిగేది రెండే. ఇలాంటి ఫోటో వేసినప్పుడు ఎలా తీశారో, అందులో ప్రమాదం ఏమిటో కింద రెండు లైన్లు రాయండి. ఆ స్థలం పేరు మాత్రం వేయకండి, పేరు పడితే ముందు ఫోటోల వాళ్లు వస్తారు, వాళ్ల వెనకే తలుపులు ఊడబీక్కుపోయేవాళ్లూ, గోడల మీద స్ప్రే కొట్టేవాళ్లూ వస్తారు.

ఇట్లు,
మీ పాఠకుడు