జానెడు వెనక్కి

పద్దూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తిట్టుకునే ఉంటావు, ఏమీ అనుకోకే. ఇక్కడందరం బాగున్నాం. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గింది, ఆవకాయ పెట్టేశాం, చిన్నాడి పరీక్షలు అయిపోయాయి. అన్నయ్యగారి బీపీ ఎలా ఉంది? సరే, అసలు సంగతి. నిన్న డ్రైవింగ్ టెస్టులో ఫెయిలయ్యాను. నీకు చెప్తే గానీ అన్నం సయించేలా లేదు.

ఎల్‌ఎల్‌ఆర్, అదే నేర్చుకునేవాళ్ల లైసెన్సు, వచ్చి 30 రోజులు నిండితే గానీ టెస్టుకి రానివ్వరుగా, నిండగానే వెళ్లాను. నా ముందు 11 మంది. వేపచెట్టు కింద నిలబడి అందర్నీ చూశాను. మొదటి కుర్రాడు కారు భలే తోలాడు. కానీ రివర్స్‌లో హెచ్ అక్షరంలా ఉన్న దారిలో హెచ్ వేస్తూ అద్దాలు వదిలేసి తల బయటపెట్టి చూశాడు, అవతలి చక్రం రాయికి తగిలింది. ఇంకొకతను సీటుబెల్టు పెట్టుకోకుండానే బండి కదిలించాడు. బైకుల వాళ్లు ఎనిమిది అంకెలా తిప్పే ఎయిట్ దగ్గరే పోయారు. భయంతో మరీ నెమ్మదిగా పోతారు, బ్యాలెన్స్ తప్పుతుంది, కాలు కింద పడుతుంది. ఒక పెద్దాయన ఇరవై ఏళ్లుగా బండి నడుపుతున్నాడట, మలుపులో ఇండికేటర్ వేయలేదు. ఆయన మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది.

నేను హెచ్ ఎంత బాగా వేశానో పద్దూ! ఆ తర్వాత ఎత్తు. సగంలో ఆపి, జారకుండా మళ్లీ ముందుకి తియ్యాలి. ఆపాను, హ్యాండ్‌బ్రేకు వేశాను. క్లచ్ సగం వదిలి హాఫ్ క్లచ్‌కి రాగానే ఇంజన్ గొంతు మారుతుంది, బానెట్ కాస్త లేస్తుంది, అప్పుడు దించాలి హ్యాండ్‌బ్రేకు. నూరుసార్లు చేశాను. ఎవరో "త్వరగా అమ్మా" అన్నారు. అంతే, గొంతు మారకముందే దించేశాను. బండి జానెడు జారింది. జానెడే! టెస్టు చేసే బ్రేకిన్‌స్పెక్టర్ గారు కాగితం మీద ఏదో రాసి, "దిగండమ్మా" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. ఆటో ఎక్కి ఇంటికొస్తుంటే ఫ్లైఓవర్ ఎక్కే చోట ట్రాఫిక్ ఆగింది. మా వెనక స్కూటీ మీద ఒకావిడ, ముందు నిలబడ్డ పాప. పాప చెయ్యి చాస్తే మా ఆటోకి తగిలేలా ఉంది. ఆ జానెడు అప్పుడు కనబడిందే నాకు. ఇంక ఆయన మీద కోపం లేదు.

7 రోజులాగి మళ్లీ వెళ్లొచ్చు. మూడుసార్లు పోతే 60 రోజులట, అంతదాకా రానివ్వను. ఎల్ బోర్డు పెట్టుకుని, మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని, రోజూ గుడి దగ్గర ఎత్తు మీద అదే పని. అరకు ఘాట్‌లో బండి జారితే చక్రం వెనక పెట్టాలని నువ్వు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రాయి రోజూ గుర్తొస్తోంది! ఆ రాయి సంగతి మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు. అన్నట్టు, నువ్వు ఆ రోజు దిగేటప్పుడు ఏమన్నావంటే...

అయ్యో, మరిది హారన్ కొడుతున్నాడు, చీకటి పడకముందే వెళ్లాలి. మిగతాది మంగళవారం టెస్టయ్యాక రాస్తా.

నీ
సుబ్బు