సూర్యానికి, ఎడిసన్ నుంచి

ఒరేయ్ సూర్యం,

మీ చిన్నాడికి న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చిందని తెలిసి చాలా సంతోషించాంరా. మీ చెల్లెమ్మ అయితే వెంటనే దేవుడి దగ్గర దీపం పెట్టేసింది. "ఎడిసన్‌లో ఇల్లు చూడమంటావా, అదంతా మనవాళ్ల ఊరేనటగా" అని అడిగావు. ఫోన్లో మొదలుపెడితే మనం రెండో నిమిషంలో రాజకీయాల్లో పడతాం. అందుకని తీరిగ్గా రాస్తున్నాను.

మనవాళ్ల ఊరన్నది సగమే నిజం. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనం 1,07,588. అందులో ఇంచుమించు సగం ఆసియా మూలాలవాళ్లు, వాళ్లలోనూ మన దేశం నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. కానీ ముందొచ్చి కొట్లు పెట్టి పాతుకుపోయింది గుజరాతీలు. మన తెలుగువాళ్లు చాలావరకు ఆ తర్వాత, కంప్యూటర్ల పుణ్యమా అని దిగారు. చైనావాళ్లు బాగా ఉన్నారు. పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, కొరియా వాళ్లున్నారు. స్పానిష్ మాట్లాడేవాళ్లు, నల్లవాళ్లు, తాతల కాలం నుంచి ఉన్న ఇటలీ, ఐర్లాండ్ మూలాల తెల్లవాళ్లు ఉన్నారు. మా వీధిలోనే నాలుగిళ్ల అవతల ఒక హంగరీ కుటుంబం ఉంది.

హంగరీవాళ్లు ఇక్కడికెలా వచ్చారని నాకూ అనుమానం వచ్చింది. ఈ ఊరి అంచున క్యాంప్ కిల్మర్ అని పాత సైనిక శిబిరం ఉండేదట. 1956లో హంగరీలో తిరుగుబాటును సోవియట్ సైన్యం అణిచేసినప్పుడు పారిపోయి వచ్చినవాళ్లలో వేలాదిమందిని ముందు అక్కడే దింపారు. అంటే పరాయి దేశపు మనుషులు మూటాముల్లెతో ఇక్కడ దిగడం మనతో మొదలైంది కాదు.

ఊరి స్వరూపం చెబుతా విను. న్యూయార్కుకి రైల్లో ఇంచుమించు గంట. కానీ తెనాలిలా ఇదిగో సెంటర్ అని చూపించడానికి ఏమీ లేదు. మధ్యలో మెటచెన్ అని ఇంకో చిన్న ఊరుంది, దానికి అన్నివైపులా ఎడిసనే. గారె అనుకో, పిండి ఎడిసన్, చిల్లు మెటచెన్. రైలు స్టేషనూ, నడిచి తిరగడానికి వీలైన బజారూ చక్కగా ఆ చిల్లులోనే ఉన్నాయి! మనకీ ఓ స్టేషనుంది గానీ, అక్కడ కారు పెట్టుకునే పర్మిట్ కోసం చాంతాడంత వెయిటింగ్ లిస్టు.

ఈ ఊరి పాత పేరు రారిటన్. 1954లో ఎడిసన్ అని మార్చారు, మనం సైన్సు పుస్తకంలో చదువుకున్న ఆ ఎడిసనే. బల్బు కనిపెట్టిన మెన్లో పార్క్ ఇక్కడే. ఆ చోట ఒక గోపురం కట్టి పైన పెద్ద గాజు బల్బు పెట్టారు. అసలు ప్రయోగశాల మాత్రం లేదు. కార్ల కంపెనీ హెన్రీ ఫోర్డ్ దాని తాలూకు మిగిలిన చెక్కలు మిషిగన్‌కి పట్టుకుపోయి అక్కడ మళ్లీ కట్టించుకున్నాడు. ఆ ఫోర్డు కంపెనీయే 1948లో ఇక్కడ కార్ల ఫ్యాక్టరీ పెట్టింది, మస్టాంగ్ కార్లు కూడా ఇక్కడ తయారయ్యాయి. 2004లో మూసేశారు. ఇప్పుడు ఆ స్థలంలో షాపులు, జనం డబ్బులిచ్చి గోల్ఫ్ బంతులు కొట్టే చోటూ వచ్చాయి. మిల్లు మూసిన ఊళ్లు మనం చాలా చూశాం కదా, ఇది మాత్రం ఎండిపోలేదు.

ఎందుకు ఎండిపోలేదో ఓక్ ట్రీ రోడ్డు చూస్తే అర్థమవుతుంది. ఎనభైల్లో ఆ రోడ్డు మీద చాలా కొట్లు ఖాళీగా ఉండేవని పాతకాపులు చెబుతారు. ఇప్పుడు శనివారం సాయంత్రం వెళ్లావంటే కారు పెట్టడానికి చోటు దొరికితే అదృష్టమే. బంగారం కొట్లు, చీరలు, చాట్, పాన్, బిర్యానీ బోర్డులు. పక్కనున్న ఐసెలిన్‌లోకి కూడా పాకింది. గోంగూర, దొండకాయలు, ములక్కాడలు అన్నీ ఉంటాయి. మొన్న మేం గోంగూర కట్ట ఎంచుతుంటే పక్కన ఒక చైనా ఆవిడ కూడా ఒక కట్ట తీసుకుని, ఎలా వండాలో చెప్పమని సైగ చేసింది. మీ చెల్లెమ్మ ఊరుకుంటుందా! వేయించడం, నూరడం, తాలింపు అన్నీ ఆ బండి పక్కనే నిలబడి అభినయించింది. వెనక లైన్లో ఉన్న పటేల్ గారు ఓపిగ్గా ఆగాడు పాపం.

ఇదంతా విని అందరూ ఒకే కుటుంబంలా ఉంటారనుకోకు. 1990ల్లో నవరాత్రుల్లో గర్బా డాన్సు రాత్రిపూట ఎంతసేపు ఆడొచ్చన్న దాని మీద ఊరి కౌన్సిల్‌కీ గుజరాతీలకీ గొడవై, 1996లో ఫెడరల్ కోర్టు దాకా పోయింది. 2017 స్కూల్ బోర్డు ఎన్నికలప్పుడు చైనావాళ్లూ ఇండియన్లూ ఊరిని ఆక్రమించేస్తున్నారని, ఇద్దరు అభ్యర్థుల ఫొటోలేసి దేశం నుంచి పంపెయ్యాలని, పేరు లేని కార్డులు ఇళ్లకి పోస్టు చేశారు. మనవాళ్లు తక్కువ తినలేదు. 2022 ఆగస్టులో మన స్వాతంత్ర్య దినోత్సవ ఊరేగింపులో, అక్కడ ముస్లింల ఇళ్లు కూల్చడానికి గుర్తుగా మారిన బుల్డోజర్ తీసుకొచ్చి ఇక్కడి ముస్లింల మనసు నొప్పించారు, నిర్వాహకులు తర్వాత క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాదే సామ్ జోషి మేయరయ్యాడు, ఈ ఊరికి భారతీయ మూలాలున్న మొదటి మేయరు. ఇప్పుడు దీపావళికి బళ్లకి సెలవు. కొట్లాడుకుంటూనే సర్దుకున్నార్రా.

నాకు నచ్చనిది ఒకటే. పగలంతా పక్కపక్కనే, సాయంత్రమయ్యేసరికి ఎవరి గూటికి వాళ్లు. మావాడి ఇంటికి వచ్చేవాళ్లలో తెలుగు రానివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెలుగువాళ్లలోనూ తానా, ఆటా, నాట్స్, నాటా అని సంఘాలు, మళ్లీ వాటిలో వాటిలో గ్రూపులు. రూజ్‌వెల్ట్ పార్కులో పొద్దున చెరువు చుట్టూ తిరిగే ముసలాళ్లమే నయం. చైనా తాతలు చేతులు గాల్లో మెల్లిగా తిప్పుతుంటారు, గుజరాతీ బెన్‌లు చీర కింద స్పోర్ట్స్ బూట్లేసుకుని పరిగెత్తినట్టే నడుస్తారు. ఒక చైనా తాతకి నా మోకాలి నొప్పి కనిపెట్టడానికి భాష అక్కర్లేకపోయింది. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, కాలు చాపి, మడిచి, మళ్లీ చాపి చూపించాడు. ఇప్పుడు రోజూ కనపడగానే నా మోకాలు వైపే చూస్తాడు, నా మొహం వైపు కాదు.

ఇక మీ చిన్నాడి సంగతి. మొదట్లో ఇల్లు కొనే ఆలోచన వద్దు, అద్దెకి తీసుకోమను. న్యూయార్కులో ఆఫీసైతే స్టేషనుకి నడిచి వెళ్లగలిగే దూరం చూడమను, నాలుగు డాలర్లు ఎక్కువైనా సరే. ఆఫీసు జెర్సీలోనే అయితే కారు లేకుండా కుదరదు, కొన్ని వీధులకి ఫుట్‌పాత్ కూడా ఉండదు. ఉత్తర ఎడిసన్‌లో జేపీ స్టీవెన్స్ హైస్కూలుందని అందరూ అటే ఎగబడతారు, అద్దెలు మండుతాయి. పెళ్లే కానివాడికి హైస్కూలెందుకు? రూమ్మేట్ తెలుగువాడే కావాలని పట్టుబట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పు. తెలుగు వినడానికి వారానికోసారి మా ఇంటికొస్తాడు, మీ చెల్లెమ్మ పప్పు పెడుతుంది.

వాడితో పచ్చళ్లు పంపకు, ఇక్కడ మూడు రకాల కంపెనీలవి దొరుకుతాయి. బోసురోడ్డులో నేను కళ్లజోడు చేయించుకునే కొట్లో నా పవర్ చీటీ ఉంటుంది, రెండు జతలు చేయించి పంపు. ఇక్కడ అద్దాల ఖరీదు వింటే ఉన్న చూపు కూడా పోయేలా ఉంది.

నీ
రామం