నేల కింది ఆవిరినీ పరీక్షించాలి

సంపాదకులకు,

అయ్యా,

మూతపడిన కర్మాగారాలు, పెట్రోలు బంకులు, డ్రై క్లీనింగ్ దుకాణాల స్థలాల్లో ఇళ్లు కట్టడంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం తాగునీటి కాలుష్యాన్ని వివరంగా చర్చించింది గానీ, అదే మట్టిలోంచి ఇంట్లోకి చొరబడే విషపు ఆవిరుల ఊసెత్తలేదు. నీళ్లు బాగాలేకపోతే మరోచోటి నుంచి తెప్పించుకోవచ్చు. పీల్చే గాలికి ఆ వెసులుబాటు లేదు.

లోహపు భాగాల జిడ్డు వదిలించే ట్రైక్లోరోఎథిలీన్, పెట్రోలులోని బెంజీన్ వంటివి నేలలోకి ఇంకాక ఆవిరై, మట్టి రేణువుల సందుల్లోంచి పైకి వస్తాయి. ఇంట్లోని వెచ్చని గాలి పైకి లేచి బయటికి పోతున్నకొద్దీ ఆ వెలితిని పూడ్చుకోవడానికి ఇల్లు పునాది కింది గాలిని లోపలికి లాక్కుంటుంది. గచ్చులోంచి పైకొచ్చే గొట్టం చుట్టూ సిమెంటు సరిగా కూరకపోతే మిగిలే గోరు మందం సందు చాలు. వాడకంలో లేని స్నానాల గదిలో జాలీ కింది వంపులో నీరు ఎండిపోతే మురుగు గొట్టమే దారి కావచ్చు. కలుషిత భూగర్భజలం పక్క స్థలాల కిందికి పారుతుంది కాబట్టి, తన నేలపై చుక్క రసాయనం ఒలకని ఇంటికీ ఈ బెడద ఉంటుంది.

పెట్రోలు ఆవిరిని ఆక్సిజన్ అందే మట్టిలోని సూక్ష్మజీవులు చాలావరకు తినేస్తాయి. ట్రైక్లోరోఎథిలీన్ అంత తేలిగ్గా పోదు. ఆక్సిజన్ లేనిచోట అది విడిపోతూ వినైల్ క్లోరైడ్‌గా మారగలదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ రెండింటినీ, బెంజీన్‌నూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలోనే చేర్చింది. వాసన రాలేదని ధైర్యపడడానికీ వీల్లేదు. ముక్కుకు తెలిసే మోతాదుకు ఎంతో తక్కువలోనే ట్రైక్లోరోఎథిలీన్ హాని చేయగలదు.

గదిలో ఒక్కరోజు గాలి పట్టి చూసి అంతా బాగుందనడం నాకు సమంజసంగా తోచదు. రుతువును బట్టి కొలత మారుతుంది, ఇంట్లోని రంగులు, జిగుర్లు కూడా లెక్కను తారుమారు చేస్తాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015 మార్గదర్శకాలు కూడా పలు రకాల ఆధారాలను కలిపి చూడమనే చెబుతున్నాయి. గచ్చుకు సన్నని రంధ్రం చేసి కింది వాయువునూ, అదే సమయంలో గదిలోని గాలినీ పట్టి పోల్చాలి.

పరిష్కారం కొత్తదేమీ కాదు. నేలలోంచి సహజంగా వెలువడే రేడియోధార్మిక రాడాన్ వాయువు కోసం ఎప్పటి నుంచో చేస్తున్నట్టే, గచ్చు కింద కంకర పొర పరిచి, అందులోంచి ఒక గొట్టాన్ని కప్పు పైదాకా తీసుకెళ్లి, ఫ్యానుతో ఆవిరిని బయటికి లాగేయాలి. కట్టేటప్పుడే అమర్చడం, కట్టాక గచ్చు పగలగొట్టి అమర్చడం కంటే ఎంతో చవక. కనుక ఇటువంటి స్థలాల్లో అనుమతి ఇచ్చే ముందే నేల వాయువు పరీక్షను తప్పనిసరి చేసి, ఫలితాన్ని కొనుగోలుదారు చేతికివ్వాలని కోరుతున్నాను. ఆ ఫ్యాను తిరుగుతోందో ఆగిందో చూసే బాధ్యత ఎవరిదో విక్రయ పత్రంలోనే రాయించాలి. నిర్మాణదారు వెళ్లిపోయాక కప్పు మీది ఫ్యాను ఆగినా కింద ఉన్నవారికి తెలియదు.

ఇట్లు,
ఒక పాఠకుడు