గట్టి గేర్లకు చిల్లులు వేయబోయే పిల్లల గురించి

సంపాదకుల గారికి,

నమస్కారం. మాది హిందూపురం. బెంగళూరు పీణ్యలో 31 ఏళ్లు గేర్లు కోసే మిషన్ మీద పనిచేసి రిటైరయ్యాను. పోయిన ఆదివారం మా ఇంట్లో జరిగిన సంగతి, రిమోట్ బండ్లు కొనిచ్చిన తల్లిదండ్రులందరికీ తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పదో తరగతి చదివే మా మనవడికి క్రాలర్ బండి ఉంది. అది పరుగు పందేల బండి కాదు, బండరాళ్ల మీద మెల్లగా పాకుతూ ఎక్కేది. అసలు జీపులో పదో వంతు సైజు, బ్యాటరీతో కలిపి రెండున్నర కిలోలు. బరువు తగ్గిస్తే ఇంకా బాగా ఎక్కుతుందని వాడికెవరో చెప్పారట. యాక్సిల్‌లోని స్టీలు గేరు ఊడదీసి, బాల్కనీలో కూర్చుని, కటింగ్ ప్లేయరుతో పట్టుకుని చేతి డ్రిల్లు పెట్టాడు. కీచుమని శబ్దం వినబడి వెళ్లేసరికి ఒక బిట్టు మొన నీలం తిరిగి పక్కన పడి ఉంది. గేరుకు చిల్లు పడలేదు, అద్దంలా మెరిసే చుక్క ఒకటి తేలింది. వాడు రెండో బిట్టు బిగించి ఒళ్లంతా వేసి అదుముతున్నాడు. ‘ఒరేయ్, ఆపరా’ అనేలోపే అది విరిగి, ముక్క వచ్చి కనుబొమ్మకు తగిలింది. వేలెడు కిందికైతే కన్నే. నాకు ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి.

హార్డెనింగ్ చేసిన, అంటే కాల్చి గట్టిపరిచిన గేరు పళ్లు, లోహం గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ కొలతలో 58 నుంచి 62 దాకా ఉంటాయి. మామూలు హైస్పీడ్ స్టీల్ బిట్టు 63, 64 దగ్గర. రెండూ ఇంత దగ్గరగా ఉంటే కోత పడదు, రాపిడీ వేడీ తప్ప. అంతకంటే గట్టిదైన కార్బైడ్ బిట్టు కోస్తుంది గానీ అది పెళుసు. కదలని డ్రిల్లింగ్ మిషన్, వస్తువును బిగించి పట్టే గట్టి వైస్ ఉంటేనే దాని పని. చేతి డ్రిల్లులో సుద్దముక్కలా విరుగుతుంది. ఎర్రగా కాల్చి మెత్తబరుద్దామా అంటే పళ్లు కూడా మెత్తబడి నాలుగు రోజుల్లో అరిగిపోతాయి. మళ్లీ గట్టిపరిస్తే వంకర పోయే ప్రమాదం. గేరు గట్టిదో కాదో తెలియాలంటే పంటి అంచున ఆకురాయి ఒక్కసారి రాసి చూడండి. పట్టకుండా జారిందంటే దాని జోలికి పోవద్దు.

ఆ రాత్రి కనుబొమ్మకు ప్లాస్టర్ వేసి, వాడి చేతే లెక్క వేయించాను. గేరు మందం 5 మి.మీ., చిల్లు 3 మి.మీ. అనుకుంటే, ఒక చిల్లులో పోయే స్టీలు పావు గ్రాము పైచిలుకు. ఆరు చిల్లులకు ఒకటిన్నర గ్రాము దాటుతుంది, అంతే. 2500 గ్రాముల బండికి! టైర్లకు అంటుకునే మట్టే అంతకంటే ఎక్కువ. పైగా ఈ బండికి యాక్సిల్ దగ్గర, అంటే కింద, బరువుంటేనే మేలు. అందుకే అనుభవమున్నవాళ్లు డబ్బు పెట్టి మరీ అక్కడ ఇత్తడి భాగాలు బిగిస్తారు. బండిని వెనక్కి తిరగేసేది పైన ఉన్న బరువు. మా వాడు అందానికి పెట్టుకున్న స్టెప్నీ, పైన క్యారియర్, చిన్న పెట్రోలు డబ్బా తీసి వంటింటి కాటా మీద వేశాం. 140 గ్రాములు! బ్యాటరీని కూడా ముందువైపు కిందికి దింపాం. మొన్న సాయంత్రం, వారం క్రితం వెల్లకిలా పడ్డ బండ మీదే అది గబ్బిలంలా పట్టుకుని ఎక్కింది. వాడు ‘తాతా, చూడు’ అని అరిచిన అరుపు వీధంతా వినబడింది.

పిల్లలు పనిముట్లు పట్టడం నాకిష్టం, మానమని అనను. బండి కొనిచ్చే రోజే కళ్లకు గాగుల్స్, ఒక చిన్న బెంచ్ వైస్ కూడా కొనివ్వండి. డ్రిల్లు పట్టినప్పుడు పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండండి. మీ ఆదివారం పిల్లల పేజీలో వారానికి పావు పేజీ చేతిపనికి ఇస్తే బాగుంటుంది. పీణ్యలోనూ, జీడిమెట్లలోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ పనిచేసి ఇంట్లో కూర్చున్న తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు, అడిగితే రాస్తారు. ఆకురాయి పట్టుకోవడం గురించి మొదటిది నేనే రాసి పంపుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గేరు మిషన్ ఆపరేటర్,
దాసరహళ్లి, బెంగళూరు