కృష్ణజింకల మేత భారం రైతు ఒక్కడిదేనా?

సంపాదకుడికి నమస్కారం.

మాది నారాయణపేట జిల్లా కృష్ణా మండలం. ఏటి ఒడ్డున ఆరెకరాల నల్లరేగడి ఉంది. నిరుడు జూన్‌లో పత్తి గింజలు పెట్టిన తొమ్మిదో రోజు తెల్లవారుజామున చేనికి పోతే, రెండాకుల మీదున్న మొలకలను సాళ్ల పొడవునా జింకలు కొరికేశాయి. గుండుసూదుల్లా కాడలు మిగిలాయి. తడిమట్టి నిండా గిట్టల గుర్తులే. అప్పుడు 475 గ్రాముల విత్తన ప్యాకెట్ 901 రూపాయలు. ఎకరాకు రెండు చొప్పున మళ్లీ కొన్నాం, మళ్లీ కూలీలను పెట్టాం. అదను తప్పిన పత్తికి గులాబీ పురుగు బెడద కూడా ఎక్కువే. చేను చుట్టూ పాత చీరలు కట్టాం, రాత్రంతా డబ్బాలు మోగించాం. వారం బెదిరాయి, ఆ తర్వాత చీరల కిందినుంచే దూరాయి.

నష్టం రాయించుకుందామని అధికారుల దగ్గరికి పోతే, కాపు మీదున్న పంటైతే లెక్క కట్టగలం గానీ మొలకకు ఏం రాస్తామన్నారు. మాకు దెబ్బ తగిలేదే మొలక దగ్గర!

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో ఉంది. మనిషి ప్రాణానికి ముప్పయితేనో, కోలుకోలేని స్థితిలో ఉంటేనో తప్ప 11వ సెక్షన్ కింద దాన్ని వేటాడే అనుమతి దొరకదు. పంట తిన్నదన్నది కారణం కాదు. ఆ కట్టుబాటు ఉండాల్సిందే. కరెంటు తీగలు పరిచేవాళ్లను నేను సమర్థించను, ఆ తీగకు జింకే కాదు, పక్క చేను రైతూ బలవుతాడు.

అమెరికాలోని టెక్సాస్‌లో భూమి యజమాని మంద నిర్వహణకు ప్రభుత్వ పథకంలో చేరితే, ఆ భూమిలో ఎన్ని జింకలను వేటాడొచ్చో లెక్కగట్టి అన్ని ట్యాగ్‌లే, అంటే వేట అనుమతి చీటీలే, ఇస్తారు. మాకు ఆ తుపాకులు వద్దు. కానీ ఎన్ని జింకలున్నాయి, ఈ నేల ఎన్నింటిని మోయగలదు అని లెక్క చూసే పద్ధతి మాత్రం కావాలి.

దానికి మన చట్టంలోనే దారి ఉంది. చంపకుండా పట్టి, అనువైన మరో చోటికి తరలించడానికి 12వ సెక్షన్ వీలిస్తుంది. కేంద్రం ముందుగా ఒప్పుకోవాలి, అంతే. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని శాజాపూర్ ప్రాంతంలో ఇదే జరిగింది. హెలికాప్టర్‌తో మందలను గరాటులాంటి బోమా ఆవరణలోకి తోలి, 800కు పైగా కృష్ణజింకలను రైతుల పొలాల నుంచి అడవులకు చేర్చారు. శాజాపూర్‌లో కుదిరినది కృష్ణా తీరంలో ఎందుకు కుదరదు?

ఆలస్యం చేస్తే ఏమవుతుందో కర్నూలు వైపు రోళ్లపాడులో చూశాం. బట్టమేక పక్షి కోసం 1988లో పెట్టిన అభయారణ్యం అది. అక్కడ కృష్ణజింకలు పెరిగి చుట్టుపక్కల పంటల మీద పడ్డాయి. రైతులకు అభయారణ్యమంటేనే కంటగింపైంది. ఆ పక్షీ ఇప్పుడు అక్కడ కనిపించడం లేదు.

అటవీశాఖ మా మండలాల్లో మందలను లెక్కించాలి, తరలింపునకు కేంద్రాన్ని అనుమతి అడగాలి. అంతవరకు మొలక దశ నష్టాన్ని కూడా పరిహారంలో చేర్చి, విత్తనం, కూలీ ఖర్చయినా చెల్లించాలి. మృగశిర కార్తెకు మళ్లీ గింజలు పెడతాం. ఈలోగా లెక్కింపైనా మొదలుపెట్టాలి.

— ఒక పత్తి రైతు, కృష్ణా మండలం, నారాయణపేట జిల్లా